కారని రెక్క

మా అపార్ట్‌మెంటు పైన నీళ్ళ ట్యాంకు గోడ అతుకు దగ్గర కారుతోందని పోయిన నెలలో పనివాళ్ళను పిలిపించాం. ఇద్దరొచ్చారు, రెండు డబ్బాలతో. పెద్ద డబ్బాలో బూడిదరంగు ముద్ద, చిన్నదాంట్లో నల్లటి పేస్టు. చిన్నదాన్ని పెద్దదాంట్లో వేసి కర్రతో తిప్పేసరికి వాసన లేచింది. గంధకం, రబ్బరు, ఇంకేదో ఘాటు కలిసిన వాసన. సెక్రటరీగారు ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని కిందికి దిగిపోయారు. నేను అక్కడే నిలబడిపోయాను.

"పాలీసల్ఫైడ్ మేడమ్. స్విమ్మింగ్ పూల్స్‌కి కూడా ఇదే వేస్తాం" అన్నాడు కుర్రాడు.

పేరు చెప్పక్కర్లేదు నాకు. నేను హైస్కూల్లో ఉన్న రోజుల్లో మా నాయన ఆ వాసనతోనే ఇంటికొచ్చేవాడు. ఆయన అది పూసింది నీళ్ళ ట్యాంకులకు కాదు, యుద్ధవిమానం రెక్కలకు.

*

మాది హిందూపురం దగ్గర పల్లె. నాయన ఐటీఐ చదివి బెంగళూరు రైలెక్కి విమానాలు కట్టే హెచ్‌ఏఎల్‌ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) ఫ్యాక్టరీలో షీట్‌మెటల్ ఫిట్టర్‌గా చేరాడు. మురుగేశ్‌పాళ్యలో అద్దె ఇల్లు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కుళాయి దగ్గర తమిళం. ఇంటికి రెండు మూడు వీధుల అవతల రన్‌వే. విమానం వెళ్తుంటే మాట మధ్యలో ఆపి, అది దాటిపోయాక మళ్ళీ అందుకోవడం మా అందరికీ అలవాటు. పెళ్ళయి నేను అనంతపురం వెళ్ళాక కూడా ఆ అలవాటు పోలేదు. లారీ హారన్ కొట్టినా ఆగిపోయేదాన్ని. మా అత్తగారు నాకు నత్తి ఉందేమో అనుకున్నారు కొన్నాళ్ళు.

ఫ్యాక్టరీ సైరన్‌తోనే మా ఇల్లు నడిచేది. మొదటి సైరన్‌కి అమ్మ టిఫిన్ క్యారియర్ మూత బిగించేది. రెండోదానికి నాయన సైకిలు వీధి మలుపు తిరగాలి. సాయంత్రం సైరన్ తర్వాత ఎయిర్‌పోర్టు రోడ్డంతా సైకిళ్ళు. వందల సైకిళ్ళు ఒక్కసారి వదిలితే గంటల మోత ఎలా ఉంటుందో ఇప్పటి పిల్లలకు చెప్పినా తెలీదు.

చప్పుడు విని ఏ విమానమో చెప్పడం మా వీధి పిల్లల ఆట. చూడకుండా చెప్పాలి, చూస్తే అవుట్. హెచ్‌టీ-2 సులువు, పిస్టన్ ఇంజను. డిజైనరు ఘటగే గారి బృందం తయారుచేసిన శిక్షణ విమానం అది, 1951లోనే ఎగిరింది. కిరణ్ శిక్షణ జెట్టు, కొంచెం సన్నగా వినిపించేది. మారుత్ యుద్ధవిమానం వస్తే ఆటే లేదు, రెండు ఆర్ఫియస్ ఇంజన్లు, కిటికీ అద్దాలే చెప్పేసేవి. గ్నాట్ అనే బుల్లి యుద్ధవిమానానికి అదే ఆర్ఫియస్, కానీ ఒక్కటే. సన్నటి ఈలలా మొదలై మనం తలెత్తేలోపు దాటిపోయేది. మా అన్న ఈ ఆటలో మొనగాడు. ఇంజను టెస్టు బెడ్ మీద రాత్రిపూట ఆర్ఫియస్ నడుపుతుంటే పక్కలో పడుకునే "ఇప్పుడు ఫుల్ త్రాటిల్" అని వ్యాఖ్యానం చెప్పేవాడు.

పక్కింట్లో ఒక ముసలాయన ఉండేవాడు, కోలారు వైపు మనిషి. మేము తాతా అనేవాళ్ళం. ఆయన రెండో ప్రపంచయుద్ధం నాటి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో పనిచేశాడు. పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ 1940లో మైసూరు సంస్థానంతో కలిసి పెట్టిన కంపెనీ, హెచ్‌ఏఎల్‌కు మూలం అదే. యుద్ధం ముదిరాక అక్కడ అమెరికా వాళ్ళ విమానాల మరమ్మతులు జరిగేవి. నీళ్ళ మీద వాలే కాటలీనా విమానాలు బెళ్ళందూరు చెరువులో దిగేవని తాత చెబితే మేము నమ్మేవాళ్ళం కాదు. అది నిజమే. ఇప్పుడా చెరువు నురగ చూసినవాళ్ళు ఇంకా నమ్మరు.

*

గ్నాట్ ఎలా పుట్టిందో నాయన రిటైరయ్యాక గానీ చెప్పలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఫ్యాక్టరీ మాట ఇంట్లో ఎత్తేవాడు కాదు.

ఇంగ్లండులో డబ్ల్యూ.ఇ.డబ్ల్యూ. పెట్టర్ అని ఒక డిజైనరు. నాయన నోట్లో ఆయన "పెట్టర్ దొర". లైసాండర్, కాన్‌బెర్రా విమానాలు ఆయన గీసినవే. జెట్ల కాలం వచ్చాక ఫైటర్లు ఏటేటా బరువెక్కిపోతున్నాయి, వాటితో పాటే ఖరీదూ. ఇది ఆయనకు నచ్చలేదు. పెద్ద కంపెనీ వదిలి ఫోలాండ్ అనే చిన్న కంపెనీకి మారి, తేలికైన ఫైటర్ ఒకటి గీశాడు. ప్రయోగంగా ముందు మిడ్జ్ అనే బుల్లి విమానం చేశారు. చిన్న వైపర్ ఇంజనుతో అది 1954 ఆగస్టు 11న ఎగిరింది. అసలు గ్నాట్ మరుసటి ఏడు జులైలో. యుద్ధానికి సిద్ధం చేసినా బరువు నాలుగు టన్నులు అటూఇటూ. ఆ కాలపు హంటర్ ఫైటర్ బరువులో సగం. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 7 మీటర్లు కూడా ఉండదు. అంతలోనే రెండు 30 మిల్లీమీటర్ల ఏడెన్ ఫిరంగులు పట్టించాడు.

నాయనకు ఆ డిజైనులో అన్నిటికంటే నచ్చింది చక్రాల తలుపులు. చాలా విమానాల్లో చక్రాలు మూసే తలుపులు వేరు, గాల్లో వేగం తగ్గించే ఎయిర్ బ్రేకులు వేరు. పెట్టర్ చక్రాలతో వచ్చే తలుపుల్నే సగం కిందికి దించి బ్రేకులుగా వాడాడు. "ఒగ తలుపు చేసే పనికి రెండెందుకు? ఆ రెండోదాని బరువు ఎవడు మోయల్ల?" అనేవాడు నాయన. ఇంట్లో కూడా అదే పద్ధతి. రెండు పనులకు పనికిరాని వస్తువు కొననిచ్చేవాడు కాదు. ఆ బాధ అమ్మకు తెలుసు.

బ్రిటిష్ వాయుసేన దాన్ని ఫైటర్‌గా తీసుకోలేదు. రెండు సీట్లు పెట్టి శిక్షణకు వాడుకుంది. ఫిన్లాండ్ కొన్ని కొన్నది. మన ప్రభుత్వం 1956లో లైసెన్సు తీసుకుని బెంగళూరులో కట్టించడం మొదలుపెట్టింది. "వాళ్ళు వద్దన్న పిల్లను మనం పెంచి పెద్ద చేసినాం" అని ఆయన మాట. అందులో కొంత గర్వం ఉంది గానీ అబద్ధం లేదు. హెచ్‌ఏఎల్‌లో గ్నాట్ల తయారీ 1970ల మధ్య దాకా సాగింది.

పెంచుకున్న పిల్లకు జబ్బులూ ఉన్నాయి. తోక రెక్కను కదిలించే హైడ్రాలిక్ వ్యవస్థ దాన్ని మొదటి నుంచీ పీడించింది. 1965లో ఫిరంగులు గాల్లో మొరాయించిన సందర్భాలు ఉన్నాయి. లోపల చోటు లేదు కాబట్టి ఏ భాగం విప్పాలన్నా ముందు ఇంకొకటి విప్పాలి. తేలికదనం ఊరికే రాదు. పైలట్ దగ్గరో, మెకానిక్ దగ్గరో ఎక్కడో ఒకచోట దాని ధర వసూలవుతుంది.

*

1965 నాకు గుర్తు లేదు. 1971 బాగా గుర్తుంది. కిటికీ అద్దాలకు నల్ల కాగితం అంటించడం, బల్బుకు అట్టతో టోపీ చేయడం మాకు పండగే. నాయనకు ఓవర్‌టైమ్ మీద ఓవర్‌టైమ్. ఆయన లేచి వెళ్ళేటప్పటికి మేము నిద్రలో, తిరిగొచ్చేటప్పటికీ నిద్రలోనే. ఆ నెలల్లో నాయనంటే నాకు గుర్తున్నది దండెం మీద ఆరేసిన ఖాకీ ప్యాంటు మాత్రమే.

యుద్ధం ప్రకటించక ముందే, నవంబరు 22న, బెంగాల్ సరిహద్దులోని బొయ్రా మీద నాలుగు గ్నాట్లు పాకిస్తాన్ సేబర్ జెట్లను ఎదుర్కొన్న వార్త వచ్చింది. మాసీ, గణపతి, లాజరస్, సోరెస్ అని పైలట్ల పేర్లు వీధిలో పిల్లలందరికీ నోటికొచ్చేశాయి. గణపతి కొడగు వాడు కావడంతో మా క్లాసులో కొడగు అమ్మాయి ఒకత్తె వారం రోజులు నేల మీద నడవలేదు. డిసెంబరు 14న శ్రీనగర్‌లో నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ గ్నాట్‌లో ఒంటరిగా సేబర్ల గుంపుతో పోరాడి చనిపోయాడు. వాయుసేనలో పరమవీర చక్ర ఇప్పటికీ ఆయన ఒక్కడిదే.

రేడియోలో ఆ వార్త విన్నప్పుడు చిత్తూరు మామ మా ఇంట్లోనే ఉన్నాడు. చిత్తూరు మామ నాయనకు జోడీ. రివెటింగ్ ఇద్దరు చేసే పని. బయట ఒకడు గన్ పట్టుకోవాలి, లోపల ఇంకొకడు ఇనుపదిమ్మె ఆనించి పట్టుకోవాలి. దిమ్మె ఒక్క వెంట్రుకవాసి జారినా రివెట్ పాడు. ఏళ్ళ తరబడి ఆ ఇద్దరి మధ్యా అల్యూమినియం రేకే అడ్డం. గన్ హోరులో మాటలు వినబడవు కాబట్టి రేకు మీద తట్టి సైగ చేసుకునేవాళ్ళు. అది ఇంటి దాకా వచ్చింది. బీడీ కావాలంటే చిత్తూరు మామ మా తలుపు మీద రెండుసార్లు తట్టేవాడు, నాయన అగ్గిపెట్టె తీసుకుని లేచేవాడు. ఇద్దరికీ చెవులు ముందే పోయాయి. రివెటింగ్ పని చేసినవాళ్ళలో ముసలితనంలో గట్టిగా అరవకుండా మాట్లాడేవాణ్ణి నేను చూడలేదు.

ఆ రోజు మామ అన్నది ఒకటే మాట: "ఏ నంబరుదో తెలిసిందా అప్పా?"

వాళ్ళకు విమానాలు తోక నంబర్లతో గుర్తు. నాయన తల అడ్డంగా ఊపాడు.

*

ఆయుధపూజ రోజున ఇంటివాళ్ళను ఫ్యాక్టరీ లోపలికి రానిచ్చేవాళ్ళు. కొత్త పరికిణీ కట్టుకుని, నూనె పెట్టి బిగించి అల్లిన జడలో కనకాంబరాలతో వెళ్ళేదాన్ని. విమాన భాగాలు బిగించే జిగ్గులకు మామిడాకులు, డ్రిల్లింగ్ మిషన్లకు కుంకుమబొట్లు, గుమ్మం ముందు పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ. బొరుగులు, పప్పులు, బెల్లం కలిపి కాగితం పొట్లంలో ఇచ్చేవాళ్ళు.

హ్యాంగర్ మధ్యలో గ్నాట్. దాని ముక్కుకు బంతిపూల దండ. పేపర్లో బొమ్మ చూసి ఎంతో పెద్దది ఊహించుకున్నాను. తీరా చూస్తే ఎంతో చిన్నది. నాయన నన్ను ఎత్తుకుని రెక్క దగ్గరికి తీసుకెళ్ళాడు. మొదట్లో జానెడు మందం, కొసకు పోయేకొద్దీ ఇంకా పలచన. రివెట్ల తలలు రేకుతో సమానంగా ఉన్నాయి, వేలితో రాస్తే తగలవు. చల్లగా ఉంది. "దీంట్లో ఏముంటుంది నాయనా?" అని అడిగితే "ఏమీ ఉండదు పాపా, గాలి" అన్నాడు.

అప్పటికి నిజంగానే గాలి. గ్నాట్ లోపలి ఇంధనమంతా మొండెంలోనే. ఇంకా దూరం పోవాలంటే రెక్కల కింద ట్యాంకులు తగిలించాలి. ట్యాంకులు తగిలిస్తే బాంబులకు, రాకెట్లకు చోటు తగ్గుతుంది. బాంబులు పెడితే దూరం తగ్గుతుంది. యుద్ధం అయ్యాక 1972లో వాయుసేన దీన్ని మెరుగుపరచమని హెచ్‌ఏఎల్‌ను అడిగింది. దానికి జవాబు ఆ జానెడు గాలిలోనే ఉంది: రెక్కనే ట్యాంకుగా మార్చడం. రెక్కలోపల వేరే సంచి గానీ డబ్బా గానీ పెట్టరు. రేకుల మధ్య ఖాళీలోకి నేరుగా ఇంధనం పోస్తారు. ఫ్యాక్టరీలో వెట్ వింగ్ అనేవాళ్ళు. ఆ విమానమే అజీత్.

డ్రాయింగు మీద గీయడం తేలికే. రెక్క అంటే వేల రివెట్లు, ఒక్కొక్కటీ ఒక్కో రంధ్రం. గాలికైతే ఫరవాలేదు. విమానాలు తాగేది కిరోసిన్ జాతి ఇంధనం, దానికి వెంట్రుకంత సందు చాలు. గాల్లో రెక్క వంగుతుంది, పైన చలి, కింద ఎండ, దిగేటప్పుడు కుదుపు. వీటన్నిటిలోనూ ఏ రివెట్ దగ్గరా చెమ్మ కనపడకూడదు.

అక్కడికి వచ్చింది ఈ సీలెంటు. రేకుకూ రేకుకూ మధ్య ఒక పూత, లోపలి మూలల వెంట వేలు లావు గట్టు, ప్రతి రివెట్ తోక మీదా ఒక బొట్టు. చెయ్యి పట్టే కంత చిన్నది. మోచేయి దాకా లోపలికి దూర్చి, పళ్ళడాక్టరు అద్దం లాంటి అద్దంలో చూస్తూ పూయాలి. కలిపిన ముద్ద గట్టిపడేలోపు అయిపోవాలి. మధ్యలో బీడీ లేదు, టీ లేదు. గాలిబుడగ ఒకటి మిగిలితే గట్టు మొత్తం గీకి మళ్ళీ మొదలు. అంతా ఆరాక గాలి ఎక్కించి, బయట సబ్బునీళ్ళు పూసి బుడగ లేస్తుందేమోనని చూడాలి. నాయన కుడి ముంజేతి మీద వెంట్రుకలు లేకుండా పోయింది ఆ రోజుల్లోనే.

ఆ రోజుల్లోనే ఇంట్లో వాసన మొదలైంది. అమ్మ ఆయన చొక్కాలు వేరే బకెట్లో నానబెట్టేది. ముదురు గోధుమరంగు మరకలు ఎంత ఉతికినా పోయేవి కావు. ఒక ఆదివారం పట్టుదలకు పోయి, స్టవ్‌లోంచి కిరోసిన్ వంచి గుడ్డతో తెగ రుద్దింది. అరగంట రుద్దినా మరక మరకలాగే ఉంది. నాయన వాకిట్లో కూర్చుని చూస్తూ పగలబడి నవ్వాడు.

"కిరోసిన్‌కు పోయేదే అయితే దాన్ని రెక్కలో ఎందుకు పూస్తామే?"

అమ్మ ఆ చొక్కా ఆయన మీదికే విసిరింది. ఫ్యాక్టరీలో జరిగేదాని గురించి మా ఇంట్లో బయటపడిన మొదటి రహస్యం అదే.

టెన్షన్ మాత్రం రహస్యం కాదు. భోజనం మధ్యలో ఆగిపోయి గోడవైపు చూసేవాడు. వానాకాలం మిద్దె కారి అమ్మ కింద గిన్నె పెడితే చాలు, ఆయన ముఖం మారిపోయేది. ఒకరోజు గోడ మీద చెమ్మను సుద్దముక్కతో చుట్టూ గీసి, అడుగున తేదీ వేశాడు. అది ఫ్యాక్టరీ అలవాటని తర్వాతెప్పుడో మామ చెప్పాడు.

*

అజీత్ ప్రొటోటైపు 1975 మార్చి 5న ఎగిరింది. నేను స్కూల్లో ఉన్నాను. ఈల వినిపించింది, తలెత్తి చూశాను, గ్నాటే అనుకున్నాను. బయటికి తేడా ఏమీ తెలీదు. సాయంత్రం నాయన సైరన్ కంటే ఆలస్యంగా, చేతిలో మైసూరుపాకు పొట్లంతో వచ్చాడు. అమ్మ ఏమిటి విశేషమంటే "ఏం లేదు, తినాలనిపించింది" అన్నాడు. ఇక చిత్తూరు మామ రాత్రి పది దాటాక వచ్చి తలుపు తట్టాడు. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. ఎంతసేపటికీ ఒక్కటే మాట: "కారలేదు." "కారలేదు అప్పా." మళ్ళీ కాసేపటికి, "చుక్క కారలేదు."

తర్వాతి ఏడు తయారీ మొదలైంది. పాత గ్నాట్ల నుంచి మార్చినవి కాక, కొత్తగా కట్టినవి 79. 1991 నాటికి వాయుసేన వాటిని పక్కన పెట్టేసింది.

వాటి కాలంలో యుద్ధం రాలేదు. వీరచక్రలు లేవు, నోటికొచ్చే పైలట్ల పేర్లు లేవు. గ్నాట్ గురించి ఇప్పటికీ వ్యాసాలొస్తాయి, కూడళ్ళలో దిమ్మెల మీద నిలబెట్టారు. అజీత్‌ను దానికి తోకలాగా ఒక వాక్యంలో ముగిస్తారు. ఎవరైనా "గ్నాట్‌కే కొత్త పేరు పెట్టారు" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంకొకరి డ్రాయింగు ప్రకారం కట్టడం ఒక పని. కట్టినదాన్ని విప్పి, దాని కడుపులోంచి ఇంధనాన్ని రెక్కలోకి పంపి, బరువు పెరగకుండా చూసుకోవడం ఇంకో పని. మన చేతులకు నేర్పు వచ్చింది రెండో పనిలో. మారుత్‌కైనా కుర్ట్ టాంక్ లాంటి జర్మన్ డిజైనరు దిగ్గజం ఉన్నాడు. అజీత్‌కు చెప్పుకోవడానికి అలాంటి పేరు కూడా లేదు.

హెచ్‌ఏఎల్ మ్యూజియం తెరిచాక నాయనను తీసుకెళ్ళాం. అప్పటికి ఆయనకు మోకాళ్ళ నొప్పులు. మారుత్ దగ్గర ఒక్క క్షణం ఆగి సురంజన్ దాస్ పేరు తలుచుకున్నాడు. మారుత్‌ను మొదట ఎగరేసిన టెస్టు పైలట్ ఆయన, 1970 జనవరిలో మారుత్‌లోనే పోయాడు. మా వైపు రోడ్డుకు ఆయన పేరే పెట్టారు, బస్సు కండక్టర్లు రోజుకు నూరుసార్లు అరిచే పేరు. తర్వాత అజీత్ దగ్గరికి వచ్చి, వంగి, రెక్క అడుగున వేలితో రాసి, వేలు వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. ఎన్నో ఏళ్ళ క్రితమే దాన్ని ఖాళీ చేసేసి ఉంటారు. అయినా చూసుకున్నాడు. పక్కన సెల్ఫీ తీసుకుంటున్న కాలేజీ పిల్లలు "తాతా, కొంచెం జరుగుతారా" అన్నారు. వినబడలేదు. అన్న గట్టిగా అరిచి చెబితే జరిగాడు.

*

2001 జనవరి 4న తేలికపాటి యుద్ధవిమానం మొదటిసారి ఎగిరినప్పుడు మురుగేశ్‌పాళ్య మిద్దెలన్నీ నిండిపోయాయి. దానికి తేజస్ అన్న పేరు తర్వాత వచ్చింది. చిత్తూరు మామ కొడుకు స్నేహితుడొకడు ఆ ప్రాజెక్టులో ఉన్నాడు. నాయన అతణ్ణి కూర్చోబెట్టి సాయంత్రమంతా ప్రశ్నలు వేశాడు. రెక్క కార్బన్ ఫైబరుదట, అల్యూమినియం కాదట. రివెట్లు బాగా తగ్గిపోయాయట. ఇంధనం? రెక్కల్లో కూడా ఉంటుంది మామా, అన్నాడు అతను. నాయన అమ్మ వైపు తిరిగి, తనే చెప్పి చేయించినట్టు కళ్ళెగరేశాడు.

ఇప్పుడు నాయన లేడు, మామ లేడు. 2008లో మామూలు ప్రయాణికుల విమానాలన్నీ దేవనహళ్ళి కొత్త ఎయిర్‌పోర్టుకు మారిపోయాయి. మురుగేశ్‌పాళ్యలో మేమున్న పెంకుటింటి చోట నాలుగంతస్తుల పీజీ హాస్టల్ లేచింది. అన్న మాత్రం ఆ చుట్టుపక్కలే ఫ్లాటు కొనుక్కుని ఉంటున్నాడు. వాళ్ళ కాంప్లెక్సు వాట్సాప్ గ్రూపులో కొత్తగా వచ్చినవాళ్ళు తరచూ ఫిర్యాదు పెడతారట: పొద్దున్నే ఈ విమానాల మోత ఏమిటి, వర్క్ ఫ్రమ్ హోమ్ కాల్స్ పాడవుతున్నాయి, ఎవరికి కంప్లయింట్ ఇవ్వాలి అని. అన్న ప్రతిసారీ ఒకే జవాబు పెడతాడు: "తేజస్. జీఈ 404 ఇంజను. ఇప్పుడు వేసింది ఆఫ్టర్ బర్నర్."

పోయిన వారం అతణ్ణి గ్రూపు అడ్మిన్‌ను చేశారట.